ఊళ్లో వాటర్ ప్లాంటు మూతపడింది: చందాలేసి కొత్తది పెట్టాలా, కుళాయి నీళ్లే బాగుచేసుకోవాలా?

ప్రశ్న: మెట్టపొలం

అందరికీ నమస్కారం. మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. 320 గడప, సుమారు 1,300 జనాభా. ఊరి నీళ్ల సంగతి చెప్పి సలహా అడుగుదామని రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మావన్నీ ఫ్లోరైడ్ ఉన్న లోతు బోర్లు. నీళ్లు తేటగా ఉంటాయి, నోట్లో పోసుకుంటే కొంచెం ఉప్పదనం తగులుతుంది, అంతే. ఆ నీళ్లు తాగే మా నాన్న తరం వాళ్లు నలభై దాటేసరికి నడుం పట్టేసి వంగలేకపోయారు. మా అమ్మ పీట మీద కూర్చుంటే గోడ పట్టుకుని గానీ లేవలేదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. మా అక్క కూతురికి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్నాయి. వాటి మీద కూడా సున్నపు మచ్చలు చూశాక నాకు నిద్ర పట్టడం లేదు.

పదేళ్ల కిందట ఊరివాళ్లు, బయటి దేశాల్లో ఉన్న మావాళ్లు తలా కొంత వేసుకుని గుడి పక్కన ఆర్‌ఓ ప్లాంటు పెట్టించారు. 20 లీటర్ల క్యాను 5 రూపాయలు. నడపడం ఒక కాంట్రాక్టరుకు అప్పజెప్పారు. నీళ్లు వడకట్టే పొరలు, అదే మెంబ్రేన్లు, పోయాయి, ఆయన ఫోనెత్తడం మానేశాడు, గదికి తాళం పడింది. ఇప్పుడు టౌను నుంచి ఆటోలో క్యాన్లు వస్తున్నాయి, ఒక్కోటి 20 రూపాయలు. ఎక్కడ పట్టారో, ఏం కలిపారో ఎవరికీ తెలియదు. కూలికి పోయేవాళ్లు రోజూ ఇరవై ఎక్కడ తెస్తారు? వాళ్లు మళ్లీ బోరు దగ్గరికే పోతున్నారు.

సాగర్ నీళ్ల పథకం పైపు మా ఊరి ట్యాంకు దాకా వచ్చింది. కేంద్రం వాళ్ల జల్ జీవన్ పథకం కింద దాదాపు ప్రతి ఇంటికీ కుళాయి కూడా పెట్టారు. రోజు విడిచి రోజు ఒక గంట వదులుతారు. మొదటి రెండు బిందెలు ఎర్రగా వస్తాయి, తర్వాత బ్లీచింగ్ వాసన. అందుకని ఎవరూ తాగరు, గిన్నెలకీ బట్టలకీ వాడతారు.

నేనే రెండు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లి ల్యాబులో ఇచ్చాను. బోరు: ఫ్లోరైడ్ లీటరుకు 3.2 మిల్లీగ్రాములు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 1,480. కుళాయి: ఫ్లోరైడ్ 0.5, టీడీఎస్ 310.

పెద్దలు కొత్త ప్లాంటు పెడదాం అంటున్నారు. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఐదారు లక్షలు పోగుచేస్తామన్నారు. కాగితం మీద చూస్తే కుళాయి నీళ్లే మంచివని నాకనిపిస్తోంది. ఆ మాట అంటే "ఆ ఎర్రనీళ్లు నువ్వు తాగు ముందు" అంటున్నారు. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి, ఆ డబ్బు ఎక్కడ పెట్టమంటారు?

జవాబు: పాత_ఏఈ

బాబూ, గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం మీ వైపే చేశాను. నువ్వు బోరూ కుళాయీ విడివిడిగా పరీక్ష చేయించావు చూడు, చాలా ఊళ్లలో అక్కడే ఆగిపోతారు.

మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు మొట్టమొదట బయటపడింది మీ ప్రాంతంలోనే, 1937లో. పొదిలి, దర్శి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా కింద ఉండేవి. ఎడ్లు నడవలేకపోవడం, మనుషుల నడుములు బిగుసుకుపోవడం అప్పుడే రాసిపెట్టారు. అంటే మీ తాతలు, నాన్నలు, నువ్వు, ఇప్పుడు మీ అక్క కూతురు. ఇన్ని తరాల తర్వాత ఆ ఊరి గుమ్మంలోకి 0.5 ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు వస్తుంటే గిన్నెలు కడుక్కుంటున్నారంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది.

భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు దానికి రెట్టింపు పైన ఉంది. కాచితే పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాచినకొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ఉత్త పటిక తిప్పితే బురద దిగుతుంది గానీ ఫ్లోరైడ్ పెద్దగా కదలదు. పటిక, సున్నం, బ్లీచింగ్ లెక్క ప్రకారం కలిపి తీసే పద్ధతి ఒకటి నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేశారు, దాని పేరే నల్లగొండ టెక్నిక్. పని చేస్తుంది. కానీ రోజూ కొలత తప్పకుండా కలపాలి, అడుగున దిగిన మడ్డి తీసి దూరంగా పారబోయాలి. పొలం పనికి పోయే ఇల్లాలి నెత్తిన అది పెట్టడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. ప్లాంటు నడిచిన రోజుల్లో కూడా మీ ఇళ్లలో అన్నం, పప్పు ఏ నీళ్లతో వండారు? బోరు నీళ్లతోనే అయ్యుంటుంది. ఒక క్యాను తాగడానికే సరిపోతుంది. బియ్యం, పప్పు ఎసరంతా పీల్చుకుంటాయి, దాంతోపాటు ఫ్లోరైడూ కంచంలోకి వస్తుంది. అందుకే నేను కుళాయి వైపు మాట్లాడుతున్నాను. వంటకీ తాగడానికీ రెండింటికీ సరిపడా నీళ్లు ఇంట్లోకి వచ్చేది దాంట్లోనే.

ఇక ఎర్రనీళ్లు. గంట వదిలి రెండు రోజులు ఆపితే పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు లీకు ఉన్న చోటల్లా మట్టినీళ్లు లోపలికి లాగుతుంది. మీ వీధిలో ఎవరైనా కుళాయికి మోటారు బిగించారేమో చూడు. హాఫ్ హెచ్‌పీ మోటారు ఒక్కటి చాలు, ఆ వీధి మొత్తం పైపు పీల్పు మీద ఉంటుంది, మురుగు కాలువ పక్కన జాయింటు వదులైతే ఆ మురుగు నేరుగా బిందెలోకి. కొందరు నీళ్లు అందడం లేదని కుళాయి దగ్గర గుంట తవ్వి కిందికి దించుతారు, ఆ గుంటలో నిలిచిన నీళ్లదీ అదే దారి. లీకులు కట్టించి, మోటార్లు తీయించి, ప్రతి వీధి చివర పైపు కడగడానికి ఒక వాల్వు పెట్టిస్తే ఎర్రనీళ్లు చాలావరకు పోతాయి. మీ ఐదారు లక్షల్లో కొంత దీనికే పెట్టండి.

బ్లీచింగ్ వాసనను జనం తిట్టుకుంటారు గానీ అసలు వాసనే లేకపోతే నాకు భయం. వాటర్‌మ్యాన్ దగ్గర క్లోరోస్కోప్ ఉంటుంది, నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే చిన్న పెట్టె. ఊరి చివరి ఇంటి కుళాయి నీళ్లు గాజు గొట్టంలో పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. పక్కనున్న రంగుతో పోల్చి క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉందా అని చూడాలి. ట్యాంకు దగ్గర కాదు, చివరి ఇంట్లో. మీ ట్యాంకు 40 వేల లీటర్లదనుకో, లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదుకి 25 శాతం క్లోరిన్ ఉన్న పొడి సుమారు 320 గ్రాములు పడుతుంది. బకెట్లో కలిపి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రమే పోయాలి. మూటకి మూట గుమ్మరిస్తే ఒకరోజు ముక్కు పగిలే వాసన, మర్నాడు ఏమీ ఉండదు. మూతి విప్పి మూలన పడేసిన బస్తాలో కొన్నాళ్లకి సత్తువ ఉండదు, అది పిండి కిందే లెక్క. వాసన ఇబ్బందైతే బిందె మీద పల్చటి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచండి, పొద్దునకి తగ్గిపోతుంది.

ఒక్క అనుమానం. సాగర్ నీళ్లు చాలని రోజుల్లో మీ ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కిస్తున్నారా? నీ 0.5 ఏ రోజు శాంపిలు? ట్యాంకు కింద ఎన్ని పైపులు లోపలికి వెళ్తున్నాయో వాటర్‌మ్యాన్‌తో కలిసి చూసి రా. అది తేలే దాకా ఎవరికీ ఏ మాటా ఇవ్వకు.

జవాబు: మర్రిగూడ_అక్క

తమ్ముడూ, మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ అంటే మా ఊర్లె చిన్న పిల్లగాడు గూడ చెప్తడు. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 1973లోనే మా జిల్లా పిల్లల వంకర కాళ్ల గురించి రాసిండ్రు. అప్పటి పిల్లలు ఇప్పుడు ముసలోళ్లయిండ్రు, కొందరు లేనే లేరు.

మా మహిళా సంఘం ఆర్‌ఓ ప్లాంటు నడిపింది. లెక్కలు నేనే రాసేదాన్ని, అందుకే నీకు ఉన్నదున్నట్టు చెప్తున్న. రోజుకు 150 క్యాన్లు పోతే, ఐదు రూపాయల లెక్కన 750. నెలకు 22 వేల 500. అండ్ల నడిపే పిల్లగాని జీతం, కరెంటు బిల్లు, నెల నెల మార్చే క్యాట్రిడ్జ్, మెంబ్రేన్ మీద సున్నం పేరుకోకుండ పోసే మందు. ఇవన్ని పోను మిగిలింది పండుగకు చీరలు కొందాం, గుడికి ఇద్దాం అని అంటరు. ఆ పైసలు మెంబ్రేన్ల కోసం. మేము ప్రతి నెల ఒకటో తారీఖున ఆ పైసలు పక్క ఖాతాల వేసినం, ముగ్గురి సంతకం లేంది తీయరాదు. అందుకే మా ప్లాంటు మెంబ్రేన్లు పోయినప్పుడు ఎవని ముందట చెయ్యి చాపలేదు. మీ ప్లాంటు మూతపడ్డది మిషను చెడిపోయి కాదు, ఈ ఖాతా లేక. కొత్తది పెట్టినా ఖాతా లేకపోతే మల్ల తాళమే.

నీళ్లు అమ్మేటోళ్లు టీడీఎస్ పెన్ను ముంచి "చూడు అక్కా, నలభై" అని చూపిస్తరు. ఆ పెన్ను ఫ్లోరైడ్ చెప్పదు. నలభై ఉంటే గొప్ప కూడ కాదు, 500 దాక మంచి నీళ్లేనని ప్రమాణమే చెప్తది.

2016 ఆగస్టు 7న గజ్వేల్ కాడ కోమటిబండల మిషన్ భగీరథ మొదలుపెట్టిండ్రు. మా ఊరికి కృష్ణ నీళ్లు నల్లాల వచ్చినయి. వచ్చినంక కూడ మావోళ్లు ప్లాంటుకే పోయిండ్రు. బిందెల మందు వాసన అని, రుచి లేదని. నేను ఏం చేసిననంటే, పంచాయతీల ఫీల్డ్ టెస్ట్ కిట్ ఉన్నది, బీరువాల పడి ఉండె. తీసుకొచ్చి బొడ్రాయి కాడ బల్ల ఏసినం. ఒక గిలాసల బోరు నీళ్లు, ఒక గిలాసల నల్లా నీళ్లు, ఒక గిలాసల ఆటోల వచ్చిన క్యాను నీళ్లు. కిట్టుల ఎర్రమందు చుక్కలు ఏస్తే ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల రంగు అందరి ముందట మారిపోయింది, నల్లా నీళ్లు మందు రంగుల ఎర్రగనే నిలబడ్డయి. ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూసిండ్రు. నేను ఇంట్ల ఇంట్లకు పోయి చెప్తే ఇనని మాట ఆ బల్ల మీద ఇన్నరు.

జల్ జీవన్ లెక్క ప్రకారం ఊరికి ఐదుగురు ఆడోళ్లకు ఈ కిట్టు నేర్పియ్యాలె. మీ ఊర్ల ఎవరికి నేర్పిండ్రో సెక్రటరీని అడుగు. ఎవరికి లేకపోతే నేర్పియ్యమని రాసియ్యి. మీ అమ్మను గూడ ఆ ఐదుగురిల పెట్టు. ఆమె మెడ సంగతి ఆమెకంటే బాగ చెప్పేటోళ్లు ఎవరు?

చింతపండు పులుసు ఆపకుండ్రి. ఒంట్లకెళ్లి ఫ్లోరైడ్ మూత్రంల పోనీకి చింతపండు సాయం చేస్తదని ఎన్‌ఐఎన్ వాళ్లే చూసిండ్రు. పిల్లలకు పాలు, ఆకుకూరలు పెట్టుండ్రి. కాని మంచి నీళ్లు లేంది ఇవేవి కాపాడయి.

మెట్టపొలం

సార్, అక్కా, మీ ఇద్దరికీ చేతులెత్తి దండం.

సార్ అనుమానమే నిజమైంది. వాటర్‌మ్యాన్ బాబాయితో ట్యాంకు దగ్గరికి వెళ్లాను. కింద రెండు పైపులు లోపలికి వెళ్తున్నాయి. ఒకటి పథకం లైను. రెండోది చెరువు గట్టు బోరు నుంచి, పాత జీఐ పైపు. "వేసవిలో సాగర్ నీళ్లు తగ్గితే ట్యాంకు నిండదు, ఊళ్లో గొడవ. రాత్రి బోరు మోటారు వేసి నింపేస్తా" అన్నాడు బాబాయి. ఆయన్నేమీ అనలేం, ట్యాంకు నిండకపోతే అందరూ ఆయన మీదే విరుచుకుపడతారు. నా శాంపిలు వానాకాలంలో పట్టింది, అప్పుడు బోరు వేయడం లేదట.

ఇప్పుడు ఏం చేయమంటారు? బోరు లైను తీసేస్తే వేసవిలో నీళ్లు చాలవంటారు. ఉంచితే ఫ్లోరైడ్ ఇంట్లోకి వస్తుంది.

జవాబు: పాత_ఏఈ

లెక్క వేసి చూపించు, వాదన అక్కర్లేదు. ట్యాంకులో సగం సాగర్ నీళ్లు, సగం బోరు నీళ్లు పడితే ఫ్లోరైడ్ 1.85 అవుతుంది. 1.5 దాటిపోయింది. బోరు వాటా పెరిగినకొద్దీ ఇంకా పైకి. జనం కుళాయి నీళ్లు మంచివని నమ్మి తాగడం మొదలుపెట్టాక ఎండాకాలంలో ఇది జరిగితే అంతకన్నా అన్యాయం లేదు.

మీ జనాభాకి జల్ జీవన్ ప్రకారం మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకి 71,500 లీటర్లు కావాలి. అందులో తాగడానికి, వంటకి మనిషికి పది లీటర్లు వేసుకో, 13 వేలు. పథకం నీళ్లు మూడో వంతుకి పడిపోయినా దాదాపు 24 వేలు వస్తాయి. అంటే ఎండాకాలంలో కూడా తాగే నీటికి, వంట నీటికి కొరత లేదు. కొరత ఉన్నది వాడుక నీటికి. మీవాళ్లు వాడుక కొరత తీర్చడానికి తాగే నీళ్లు పాడుచేసుకుంటున్నారు.

బోరు లైను ట్యాంకు దగ్గర కోయించి మూతి బిగించెయ్. వాల్వు మాత్రం పెట్టొద్దు. వాల్వు ఉంటే ఏదో ఒక రాత్రి ఎవరో తిప్పుతారు, బాబాయి మీద ఒత్తిడి ఆగదు. ఆ బోరు నీళ్లు గట్టు దగ్గరే నేల మీద ఒక సిస్టర్న్ (నీళ్ల తొట్టి) కట్టి నాలుగు కుళాయిలు పెట్టండి. "ఇవి వాడుకకే, తాగరాదు" అని పెద్ద అక్షరాలతో ఎర్ర రంగులో రాయించండి. బట్టలకి, గిన్నెలకి, ఇల్లు కడగడానికి అవి పనికొస్తాయి. గొడ్లకి మాత్రం ఎప్పుడూ అవే పెట్టొద్దు, వాటి ఎముకలూ పట్టేస్తాయి. కొరత నెలల్లో పథకం నీళ్లు రోజూ పొద్దున పావుగంట, ప్రతి వీధికీ, చివరి ఇంటి దాకా. రోజూ వస్తే పైపు ఎర్రబారడం కూడా తగ్గుతుంది.

పాత ప్లాంటు పారేయొద్దు. గది ఉంది, మిషను బిగించిన ఇనప చట్రం ఉంది. మెంబ్రేన్లు, క్యాట్రిడ్జ్‌లు వేయించి పైపు పగిలిన రోజులకి, పథకం రిపేరు రోజులకి సిద్ధంగా ఉంచండి. ఖర్చు కొత్తదానిలో కొద్ది వంతే. ఖాతా మాత్రం మర్రిగూడ అమ్మ చెప్పినట్టు. అయితే ఒక జాగ్రత్త, ఆర్‌ఓ పెట్టిన నీళ్లలో సగందాకా వృథా నీరుగా బయటికి పోతాయి, ఫ్లోరైడ్ చాలావరకు వాటిలోనే ఉంటుంది. ఆ గొట్టం చెరువులోకి వదిలితే తిరిగి మీ భూమిలోకే దిగుతుంది. మరుగుదొడ్డి కడగడానికి వాడండి.

ఇదంతా నోటి మాటగా వద్దు. గ్రామసభలో తీర్మానం రాయించి, నీటి పారిశుధ్య కమిటీ సంతకాలతో శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఒక కాపీ ఇచ్చి, ఇంకోదాని మీద అందినట్టు ముద్ర వేయించుకో. బోరు లైను కోసిన ఫొటో కూడా దాంతో పెట్టు.

జవాబు: బడిగంట

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని, పొదిలి వైపు. ఇక్కడ రాసినవన్నీ చదివాను. ఎవరూ బడి సంగతి ఎత్తలేదు. మధ్యాహ్న భోజనం వండే నీళ్లు మీ బడిలో ఎక్కడివి, మెట్టపొలం గారూ? చాలా బళ్లలో ఆవరణలోనే చేతిపంపో బోరో ఉంటుంది, వంటావిడ దగ్గరగా ఉందని అదే పట్టుకుంటుంది. పిల్లలు ఇంట్లో మంచి నీళ్లే తాగినా వారానికి ఆరు పూటలు ఆ అన్నం, పప్పు, సాంబారు తింటారు. శాశ్వతపు పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసు వాళ్లది. ఒకసారి మచ్చ పడితే మళ్లీ పోదు, పెద్దయ్యాక నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. పథకం లైను నుంచి బడి వంటగదికి ఒక కనెక్షను, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టించండి. తీర్మానంలో మొదటి అంశంగా ఇదే రాయండి, ఏ పెద్దమనిషీ కాదనడు. అంగన్‌వాడీకి కూడా.

మెట్టపొలం

టీచర్ గారూ, వెళ్లి చూశాను. బడిలో చేతిపంపు నీళ్లే. అంగన్‌వాడీలో కూడా అదే.

హైదరాబాదు వాళ్లతో మాట్లాడాను, కొత్త ప్లాంటు మాట ఆపారు. డబ్బు మూడు పనులకి అనుకున్నాం: ముందు బడికీ అంగన్‌వాడీకీ కనెక్షను, ట్యాంకులు, తర్వాత గట్టు దగ్గర సిస్టర్న్, ఆపై పాత ప్లాంటు మెంబ్రేన్లు. లీకులు పంచాయతీ చేయిస్తానంది, మోటార్లు తీయించడం మాత్రం సర్పంచి గారికి కష్టంగా ఉంది, అందులో రెండు వాళ్ల చుట్టాలవే. ముందు మా ఇంటి మోటారు తీసేశాను. అమ్మ కిట్టు నేర్చుకోవడానికి ఒప్పుకుంది, మిగతా నలుగురినీ తనే మాట్లాడుతోంది.

అక్కా, మీరు బొడ్రాయి దగ్గర చేసిన పరీక్ష గ్రామసభ రోజు మా ఊళ్లో చేద్దామనుకుంటున్నాం. చెరువు గట్టు బోరు, బడి చేతిపంపు, కుళాయి, ఆటో క్యాను, నాలుగూ పెడతాం. గ్లాసుల మీద పేర్లు ముందే రాయాలా, రంగు మారాక చెప్పాలా?

జవాబు: మర్రిగూడ_అక్క

ముందే రాయి తమ్ముడూ, లేకపోతే గ్లాసులు మార్చిండ్రని ఎవడో ఒకడు అంటడు. నీళ్లు కూడ నువ్వు తేవద్దు. ఆ వీధోళ్లతోనే వాళ్ల వాళ్ల బిందెల తెప్పియ్యి, అందరి ముందట వాళ్ల చేతనే పోయించు. కిట్టుల మందు గడువు తారీఖు ముందు రోజే చూసుకో, పాతది అయితే రంగు సరిగ రాదు. బడి చేతిపంపు గిలాస మాత్రం తల్లులు కూసున్న దిక్కు పెట్టు.